చిన్న జీపుకు పెద్ద చక్రాలు

1970లో జపాన్‌లో సుజుకి అమ్మకానికి తెచ్చిన ఎల్‌జే10లో ఇంజిన్ 359 సీసీ మాత్రమే. అసలు రూపకల్పన హోప్ అనే చిన్న కంపెనీది. ఆ రూపకల్పనను సుజుకి కొనుక్కుంది. ఆ వంశంలోంచే సమురాయ్ 1985లో అమెరికా చేరింది, మన జిప్సీ అదే ఏడాది చివర రోడ్డెక్కింది.

అమెరికా కొండదారుల్లో సమురాయ్ యజమానులు మొదట మార్చింది టైర్లను. అక్కడే చిక్కు మొదలైంది. చక్రం పెద్దదైతే గేరు బరువెక్కుతుంది, 1.3 లీటర్ల ఇంజిన్ రాళ్ల మీద చతికిలబడుతుంది. అయితే ఈ బండిలో ముందు, వెనక యాక్సిళ్లకు బలాన్ని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు గేర్‌బాక్సుకు అతుక్కుని ఉండదు. విడిగా, చిన్న షాఫ్టుతో కలిసి ఉంటుంది. దాన్ని దించి, పళ్లచక్రాలు మార్చడం పెరటి షెడ్డులోనూ సాధ్యమే. 2.27 ఉన్న లో రేంజి నిష్పత్తి 4.16కి చేరితే బలం దాదాపు రెట్టింపవుతుంది, బండి నత్తలా పాకుతుంది. రాళ్లెక్కించే ఈ బండి క్రీడకు ప్రాణం పోసిన మార్పు ఇదేనని చెప్పాలి.

తర్వాత వంతు కమాన్ పట్టీలది. ఫ్యాక్టరీలో వాటిని యాక్సిల్ కింద బిగిస్తారు. పైకి మారిస్తే బండి దాదాపు 5 అంగుళాలు లేస్తుంది. స్టీరింగ్ రాడ్డు వాలు పెరుగుతుంది కాబట్టి దాన్నీ సరిచేయాలి.

అంత బలానికి సన్నటి ముందు యాక్సిల్ జాయింట్లు విరిగేవి. దాంతో కొందరు పాత టొయోటా పికప్పుల యాక్సిళ్లను కోసి, వెల్డింగ్ చేసి అమర్చుకున్నారు.