ఎలుగుబంటి వలసయు, ఎలుగుబంటి నిలుకడయు

మంచుయుగము ముగిసిన పిమ్మట ఐరోపాఖండమున గోధుమవన్నె ఎలుగుబంట్లు దక్షిణదేశములనుండి ఉత్తరమునకు వ్యాపించిన కథను మేమొకనాడు తరగతిలో చెప్పుచుండగా, జమ్మలమడుగు ప్రాంతపు బాలుడొకడు లేచి, "అయ్యవారూ, అప్పుడు మన కొండల్లో ఎలుగుబంటి యాడ దాక్కున్నింది?" అని యడిగెను. తరగతి నవ్వెను, మేమును నవ్వితిమి. ఇల్లు చేరిన పిమ్మట ఆ ప్రశ్న నవ్వదగినది కాదని మాకు తోచెను. దూరదేశపు మృగముయొక్క చరిత్రను మనము పుస్తకములలో చదువుచున్నాము. ప్రొద్దుటూరికి తూర్పున కనుచూపుమేర నున్న కొండలలోని మృగమును గూర్చి మనకు తెలిసినవి మాత్రము భయము గొలుపు కథలే. ఆ బాలునికి మరునాడు చెప్పిన సమాధానమునే కొంత విస్తరించి చదువరుల ముందుంచుచున్నాము.

మొదట ఆ దూరదేశపు కథ. నేటికి 26,000 ఏండ్ల క్రిందటినుండి 19,000 ఏండ్ల క్రిందటివరకు మంచు మిక్కిలి ప్రబలియుండెను. నార్వే, స్వీడను, ఫిన్లండు దేశములును, బ్రిటను ద్వీపములో అధికభాగమును మంచుగడ్డ క్రింద నణగియుండెను. అడవియే లేని చోట ఎలుగు బ్రతుకజాలదు. కావున గోధుమవన్నె ఎలుగులు స్పెయిను, ఇటలీ, బాల్కను దేశములవంటి వెచ్చని దక్షిణభాగములలో తలదాచుకొనెను. తరువాత మంచు కరిగి, దాని వెనువెంట చెట్లు ఉత్తరమునకు ప్రాకగా, చెట్ల వెంట ఎలుగులును ప్రాకెను. ఒక తెగ దక్షిణమునుండి డెన్మార్కు మీదుగాను, వేరొక తెగ తూర్పునుండి ఫిన్లండు మీదుగాను బయలుదేరి, తుదకు స్వీడను నడిబొడ్డున ఎదురుపడెను. ఆ రెండు తెగల సరిహద్దును నేటికిని అక్కడ గుర్తింపవచ్చును.

వ్రాత లేని మృగముల ప్రయాణము మనకెట్లు తెలిసినదని చదువరులడుగవచ్చును. భాషల చరిత్ర నెరిగినవారికి ఈ పద్ధతి క్రొత్త కాదు. సంస్కృతమున ఋక్షమనగా ఎలుగు. గ్రీకుభాషలో ఆర్క్టోస్, లాటినులో ఉర్సుస్ అన్నను ఎలుగే. ఈ మూడు మాటలు అక్కచెల్లెండ్రు. రష్యా మొదలగు స్లావుదేశములవారు ఆ పాతమాటను విడిచి మెద్వేద్ అనిరి. మధువును అదనము చేయునది, అనగా తేనెను తినునది, అని దాని యర్థము. వేర్వేరు దేశముల మాటలను పోల్చి వాని పుట్టినిల్లు ఒకటేయని చెప్పునట్లే, శాస్త్రజ్ఞులు వేర్వేరు దేశముల ఎలుగుల శరీరకణములలోని వంశలిపిని పోల్చి చూచిరి. కణములో మైటోకాండ్రియా యను సూక్ష్మాంగమొకటి కలదు. అది బిడ్డకు తల్లినుండియే సంక్రమించును. 1994లో పియేర్ తబెర్లే, జాఁ బూవే అను ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఈ తల్లిలిపిని చదివి, ఐరోపా ఎలుగులు తూర్పు తెగయనియు పడమటి తెగయనియు రెండు తెగలని తేల్చిరి. మన యిండ్లలో వంశవృక్షము వ్రాయునప్పుడు ఆడుబిడ్డల పేళ్లు విడిచిపెట్టుట ఆచారము. ప్రకృతి మాత్రము తన వంశవృక్షమును తల్లిపేరనే వ్రాసికొనినది.

ఈ కథకు తరువాత కొన్ని సవరణలు జరిగెను. పురాతనమైన యెముకలనుండి ఆ లిపిని నేరుగా చదువు విద్య వచ్చిన పిమ్మట, ఎలుగులన్నియు దక్షిణద్వీపకల్పములలోనే చిక్కుకొని యుండలేదనియు, కొన్ని అంతకు ఉత్తరముననే నిలిచియుండెననియు, తెగల నడుమ రాకపోకలు మునుపనుకొన్నదానికంటె నెక్కువగా నుండెననియు తెలియవచ్చెను. శాస్త్రమునకు తన మాటను తాను దిద్దుకొనుట సిగ్గుచేటు కాదు. మన సంఘమునకును ఆ గుణము అలవడినచో ఎంతయో మేలు.

ఇక మన ఇంటి కథకు వత్తము. గోధుమవన్నె ఎలుగు మన దేశమున కాశ్మీరము, లడాకు, హిమాచలము మొదలగు హిమాలయ ప్రాంతములలోనే కలదు. నల్లమల, లంకమల, పాలకొండ, శేషాచలములలో తిరుగునది వేరొక జాతి. నల్లని పొడుగు వెండ్రుకలు, రొమ్మున తెల్లని గీత, కొడవళ్లవంటి గోళ్లు దాని గుర్తులు. 1791లో జార్జి షా అను ఆంగ్లేయుడు దాని గోళ్లను చూచి, అమెరికాఖండమున కొమ్మలకు వ్రేలాడు మందజంతువు జాతిలో దీనిని చేర్చెను. ఆ పొరపాటు దిద్దబడినను, ఇంగ్లీషువారు నేటికిని దీనిని ఆ మందజంతువు పేరనే పిలుచుచున్నారు. మన ఎలుగుకు పైదవుడ ముందుపండ్లలో నడిమివి రెండు ఉండవు. పుట్టను గోళ్లతో త్రవ్వి, ఆ సందుగుండ చెదలను పీల్చి తినుటకు అది తగిన యేర్పాటు. చెదలు, చీమలు, తేనె, రేగు, నేరేడు, తునికి పండ్లు దీని యాహారము. తల్లి తన పిల్లలను వీపుపై నెక్కించుకొని తిరుగును. శీతదేశపు ఎలుగువలె ఇది చలికాలమంతయు నిద్రపోదు; దీనికా యవసరమే లేదు.

మంచుయుగమున మన సీమలో మంచుగడ్డ లేదు. వానలు తగ్గెను, నేల ఎండెను, చలి కొంత పెరిగెను. అట్టి కాలమున మన మృగములేమైనవో చెప్పు సాక్షులు మనకు దాపుననే కలవు. జమ్మలమడుగునకు ఉత్తరముగా పోయినచో, ఇంటి నేలకు పరచుకొను నాపరాళ్ల జాతి సున్నపురాతినేల సాగిపోవును. నీరు ఆ రాతిని కరిగించి గుహలు చేసినది. బెలుము గుహలు వానిలో ప్రసిద్ధములు. ఇంకను ఉత్తరమున, బేతంచెర్ల చెంత బిల్లసర్గము గుహలు కలవు. 1844లో కెప్టెన్ న్యూబోల్డు ఆ గుహలలో ఎముకలున్నవని ప్రకటించెను. 1884, 1885 సంవత్సరములలో రాబర్టు బ్రూస్ ఫుట్, ఆయన కుమారుడు హెన్రీ ఫుట్ అచ్చట త్రవ్వకములు జరిపిరి. దొరకిన యెముకలను రిచర్డు లిడెక్కరు పరీక్షించి 1886లో పట్టిక ప్రకటించెను. అందు పులి, చిఱుతపులి, కృష్ణజింక, దుప్పి, అడవిపందులతోపాటు ఖడ్గమృగమును కలదు. మన ఎలుగుబంటియు కలదు.

ఆ గుహలనే ఇటీవల మరల త్రవ్వి, పొరలకు కాలనిర్ణయము చేసిరి. 2014లో ప్రకటింపబడిన ఆ పరిశోధన చెప్పునది వినదగినది. అచ్చట గుర్తింపబడిన క్షీరదములు 21 రకములు. అందు 20 రకములు కనీసము లక్ష యేండ్లనుండి, పెక్కు రెండు లక్షల యేండ్లనుండి, నేటివరకు ఈ ఉపఖండమున నిలిచియే యున్నవి. నశించినది ఒక కోతిజాతి మాత్రమే. ఈ నడుమ సంభవించిన ఉత్పాతములు సామాన్యమైనవి కావు. సుమారు 74,000 ఏండ్ల క్రిందట సుమత్రా ద్వీపమున తోబా యను అగ్నిపర్వతము బ్రద్దలై, దాని బూడిద బనగానపల్లె చెంతనున్న జ్వాలాపురమున నేటికిని పొరగా కానవచ్చుచున్నది. ఆ బూడిదపొరకు క్రిందను మీదను మనుష్యులు చేసిన రాతిపనిముట్లు దొరకినవి. బూడిద కురిసెను, వానలు తప్పెను, మంచుయుగము వచ్చి పోయెను, మృగములు నిలిచెను. ఐరోపా, అమెరికా, ఆస్ట్రేలియాలలో పెద్దమృగములు విశేషముగా నశించిన కాలమున, ఇచ్చట అట్టి వినాశము జరుగలేదు.

కారణమేమి? ఇచ్చట కొండ, లోయ, ఏరు, గుహ, ముండ్లపొద, పచ్చికబయలు పక్కపక్కనే యుండి ఒకదానితోనొకటి కలిసియుండుటయే కారణమని ఆ పరిశోధకులు తలచిరి. ఒక సంవత్సరము ఈ కొండ ఎండిన మృగము ఆ లోయకు దిగును. అచ్చట నీరింకిన ఇంకొక వాగు చేరును. పటములో చూడుడు. ప్రొద్దుటూరికి తూర్పున లంకమల, నల్లమల. జమ్మలమడుగునకు పడమట పెన్న చీల్చిన గండికోట కొండలు. పులివెందులకు ఆగ్నేయమున పాపఘ్ని చీల్చిన గండిక్షేత్రము, అచ్చటినుండి శేషాచలము. ఐరోపా ఎలుగు వేల మైళ్లు నడచి బ్రతికినది. మన ఎలుగు నాలుగు కొండల నడుమ దిగుచు నెక్కుచు బ్రతికినది. మా విద్యార్థి ప్రశ్నకు సమాధానమిదియే: అది ఎచ్చటను దాగలేదు, ఇచ్చటనే నిలిచినది. అయినను రెండింటిని కాపాడినది ఒక్కటే. దారి తెరచియుండుట.

దారి మూసిన నేమగునో సింహళము చెప్పును. మంచుయుగమున సముద్రము నేటికంటె సుమారు 120 మీటర్లు దిగువన నుండుటచే సింహళము మన నేలతో కలిసియుండెను. మంచు కరిగి నీరు పెరుగగా విడివడెను. అచ్చటను మన ఎలుగుజాతియే కలదు. ఇరుతట్టుల చుట్టములు మరల కలియుటకు వీలు లేక వేరైనవి. జాంబవంతుడు వారధి దాటి లంకకేగెనని పురాణము. పురాణమును చరిత్రముగా వాదింపబోము. సముద్రము కట్టిన యడ్డు కొన్నివేల యేండ్ల పని. మనము కట్టు అడ్డులు కొన్ని నెలల పని యని మాత్రము చెప్పుచున్నాము.

ఇప్పుడు ఎలుగుబంటి మొత్తము సంఖ్య 20,000కు లోపేయని అంచనా. బంగ్లాదేశమున అది అంతరించినది. మంచు చేయలేని పనిని మనము చేయుచున్నాము. కొండకును కొండకును నడుమ రోడ్డు, గని, తోట, కంచె పెరుగుచున్నవి. దారి లేని ఎలుగు పొలమున పడును. హఠాత్తుగా మనిషి ఎదురైన బెదరి మీదపడి గాయపరచును. దానిని మనము క్రూరమృగమందుము. ఇది యొక యెత్తు. మన యిండ్లలోని మూఢత్వము ఇంకొక యెత్తు. తల్లిని చంపి పిల్లను పట్టి, ముట్టెకు కన్నము పొడిచి త్రాడు గ్రుచ్చి వీథులలో ఆడించుట మన బాల్యమున చూచినదే. బిడ్డ జడుపు పోవునని ఆ యెలుగు వీపున బిడ్డను కూర్చుండబెట్టి, వెండ్రుక కొని తాయెత్తు కట్టిన తల్లులలో చదివినవారును కలరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమువలనను, ఎలుగుల నాడించు కుటుంబములకు వేరు జీవనోపాధి చూపుటవలనను 2009 నాటికి ఆ యాట దాదాపు అంతరించినది. వెండ్రుకపై నమ్మకము మాత్రము అంతరింపలేదు. త్రాటికి కట్టబడి వణకు జంతువు వెండ్రుక బిడ్డకు ధైర్యమెట్లిచ్చునో ఒక్కసారి ఆలోచింపవలదా?

నిరాశపడ నక్కఱలేదు. లంకమల పొదల కలివికోడి యను పక్షి కథ చూడుడు. 1900 తరువాత ఎవరికిని కానరాక అంతరించెననుకొన్న ఆ పక్షి 1986లో మన కడప జిల్లాలోనే మరల కనబడెను. 1988లో ఆ యడవి శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యమయ్యెను. తరువాత తెలుగుగంగ కాలువ ఆ పక్షి నివాసముగుండ పోవుచుండగా దాని మార్గమును మార్చిరి. రైతుకు నీరు వచ్చినది, పక్షికి నేల మిగిలినది. ఒక చిన్న పక్షికొఱకు కాలువ వంగినచో, ఎలుగుకొఱకు రెండు కొండల నడుమ కొంత పొద విడిచిపెట్టుట అసాధ్యము కాదు.

రెండు లక్షల యేండ్లు ఈ నేలను విడువని ఇరుగుపొరుగును మన తరమున వెడలగొట్టినచో, ఆ బాలుని బిడ్డలు వేరొక ప్రశ్న నడుగుదురు. దానికి సమాధానము చెప్పుటకు మాకు ధైర్యము చాలదు.