మూలబడిన పెట్టెలోని పన్నెండు వోల్టులు

1935 నాటికి హైదరాబాదున దక్కన్ రేడియో పలుకుచున్నను, కరెంటెఱుగని పల్లెలలో రేడియోపెట్టెకు బ్యాటరీయే దిక్కు. అటుపిమ్మట కరెంటు వచ్చినను, కారు స్టీరియో వంటి 12 వోల్టుల యుపకరణములను ఇంట మ్రోగింపగోరువారికి బ్యాటరీ బెడద తీరలేదు.

ఆ బెడదను తీర్చినది పాతబడిన కంప్యూటరు. సికిందరాబాదు పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరు కంప్యూటర్ల అంగడియై వెలసిన పిమ్మట, మూలబడిన పవర్ సప్లయి పెట్టెలు చౌకవస్తువులయ్యెను. 1984 నాటి ఏ.టి. రకపు పెట్టె స్విచ్చి వేసినంతనే మేల్కొనెడిది. 1995లో ఇంటెల్ వారేర్పఱచిన ఏ.టి.ఎక్స్. పెట్టెయో, దర్బారు సేవకునివలె, మదర్‌బోర్డు ఆజ్ఞ లేనిదే కదలదు. ఆ ఆజ్ఞను అనుకరించుటయే ఇందలి చమత్కారము: పచ్చతీగను నల్లతీగతో కలిపినచో ఫ్యాను తిరుగును, పసుపుతీగయందు 12, ఎఱ్ఱతీగయందు 5, నారింజతీగయందు 3.3 వోల్టులు లభించును. స్టీరియోకు స్టేషన్ల జ్ఞప్తిని నిలుపు తీగయు, కారు తాళముతో మేల్కొలుపు తీగయు వేఱువేఱుగ నుండును గనుక, ఇంట రెంటిని జోడించి 12 వోల్టులకు తగిలింతురు. కొన్ని పాత పెట్టెలు 5 వోల్టులపై కొంత భారము లేనిదే 12ను నిలకడగ నీయవు. అందులకొక సిమెంటు రెసిస్టరు చాలును. ఇంతకన్న సులభమైన పునర్వినియోగము మఱియొకటి లేదని నా యభిప్రాయము.

పెట్టె మూత మాత్రము విప్పవలదు: ప్లగ్గు తీసిన పిమ్మటను లోపలి కెపాసిటర్లలో సుమారు 300 వోల్టుల విద్యుత్తు కొంతసేపు నిలిచియుండవచ్చును.