మావాడి జాగరణ

శివరాత్రి జాగరణ సంగతి కాదండీ నేను చెప్పబోయేది. 2007లో శివరాత్రి ఫిబ్రవరిలోనే అయిపోయింది. హిందూపురంలో మా యింట అసలు జాగరణ మార్చి 17న, శనివారంనాడు జరిగింది. ఉగాది రెండు మూడు రోజుల్లోకి వచ్చింది. కొత్త చింతపండు గింజలు తీస్తూ వంటింట్లో కూర్చుని ఉన్నాం నేనూ, మా అత్తయ్యా. డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్న మావాడు నల్ల టీషర్టు తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాడు. దానిమీద పుర్రెమొహం వాడొకడు పళ్ళికిలిస్తున్నాడు.

"యాడికిరా?" అన్నారు అత్తయ్య.

"బెంగుళూరికి అవ్వా. పాటకచ్చేరికి."

"పాటకచ్చేరికి పోయేవానికి ఆ గుడ్డేందిరా? దాన్ని చూస్తే పాలు విరుగుతాయి!"

ఆ పుర్రెవాడి పేరు ఎడ్డీ అనీ, ఐరన్ మెయిడెన్ అనే ఇంగ్లండు బృందానికి వాడు ఇలవేల్పులాంటివాడనీ వాడే చెప్పాడు. ఐరన్ మెయిడెన్ అంటే ఇనుప కన్య. పూర్వం యూరపులో మనిషిని నిలబెట్టి మూసేవారని కథలు చెప్పుకునే మేకుల పెట్టె పేరది. 1975లో స్టీవ్ హారిస్ అనే లండన్ కుర్రవాడు బృందం కట్టి ఆ పేరు పెట్టాడు. వాళ్ళు మన దేశంలో కాలుపెట్టడం అదే మొదటిసారి. కచ్చేరీ బెంగుళూరు ప్యాలెస్ గ్రౌండ్సులో.

మాకు బెంగుళూరంటే పక్క వీధి. పెళ్ళి బట్టలకీ అదే, పెద్దాసుపత్రికీ అదే. మధ్యాహ్నం రైల్లో ధర్మవరంలో ఒకడెక్కాడు, వాళ్ళది మగ్గాల ఇల్లు. పెనుకొండలో ఇంకొకడు. హిందూపురంలో మావాడు. ముగ్గురూ ఒకే క్యాసెట్టును మార్చి మార్చి కాపీ చేసుకుని, అరిగేదాకా విన్న స్నేహితులు. గౌరీబిదనూరు, దొడ్డబళ్ళాపురం, యలహంక దాటితే వాళ్ళ వైకుంఠం. రాత్రికి స్టేషన్లో పడుకుని పొద్దున రైలుకు వస్తామన్నారు. "సరే పోయిరా" అన్నాను గానీ, నా మనసు వాడి వెనకే రైలెక్కి కూర్చుంది.

ఆ పాటలంటే నాకేమిటో తెలియదు. మావాడి గదిలోంచి వినిపిస్తుంటే ఇనుప సామాను బండి గతుకుల్లో పోతున్నట్టుండేది. తరువాత తెలిసింది, ఆ పోలిక మరీ అన్యాయమేం కాదట! దీని పుట్టిల్లు బర్మింగ్‌హామ్, ఫ్యాక్టరీల ఊరు. టోనీ ఐయోమీ అనే పదిహేడేళ్ళ పిల్లవాడు అక్కడ రేకుల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఉద్యోగం మానేసే ఆఖరిరోజున మిషను కింద పడి కుడిచేతి రెండువేళ్ళ కొసలు తెగిపోయాయి. వాడిది ఎడమచేతి వాటం, కుడిచేతి వేళ్ళతోనే గిటారు తీగలు నొక్కాలి. ఇక వాయించలేవన్నారు. వాడేం చేశాడో తెలుసా? ప్లాస్టిక్ సీసా ముక్క కరిగించి, మనం కుట్టుపనికి పెట్టుకునే అంగుస్తానాల్లాంటివి చేసుకుని, పైన తోలు అంటించి వేళ్ళకు తొడుక్కున్నాడు. తీగలు గట్టిగా ఉంటే నొప్పి కదా, పోనుపోను వాటిని వదులు చేశాడు. వదులైన తీగ బరువుగా మోగింది. ఆ బరువే హెవీమెటల్ అయింది. 1970 ఫిబ్రవరిలో వచ్చిన వాళ్ళ బ్లాక్ సాబత్ మొదటి రికార్డుతోనే ఈ సంగీతం పుట్టిందని చాలామంది చెబుతారు. మగ్గం మీద వేళ్ళు కాయలు కాసిన ఇంటి పిల్లవాడికి ఈ కథ నచ్చిందంటే నచ్చదూ మరి? ధర్మవరం అబ్బాయి దీన్ని రామాయణంలా చెబుతాడు.

చీకటి పాటలు, చావు పాటలు అని ఈ సంగీతాన్ని తిట్టనివారు లేరు. నేనూ తిట్టాను. అయితే మా అత్తయ్య పుట్టింటివారు నాటకాల పిచ్చివాళ్ళు. పెనుకొండలో నాటకమంటే బండి కట్టుకుని పోయి, పెట్రోమాక్సు దీపాల కింద తెల్లవార్లూ కూర్చునేవారట. పద్యం అందుకున్న నటుణ్ణి "ఒన్స్‌మోర్" అంటూ గొంతు పోయేదాకా పాడించేవారట. ఇంటికొచ్చి తిట్లు తినేవారట. ఆ ధర్మవరంలోనే 1853లో పుట్టిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు బళ్ళారిలో సరస వినోదిని సభ పెట్టి, "విషాద సారంగధర" రాసి ఆడించారు. కథ మంగళంగా ముగియాలని మన శాస్త్రం. ఆయనేమో ఏడిపించి పంపించారు. అది తెలుగులో తొలి విషాదాంత నాటకాల్లో ఒకటి. జనాన్ని ఏడిపించే నాటకమేమిటని ముక్కున వేలేసుకున్నవారు అప్పుడూ ఉండే ఉంటారు. ఇప్పుడాయన్ని ఆంధ్రనాటక పితామహుడంటున్నాం.

ఇదంతా ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను గానీ, ఆ రాత్రి నాకు పితామహులెవరూ గుర్తుకురాలేదు. తొమ్మిదింటికి ఫోను చేశాను. మోగింది, తీయలేదు. పదింటికి మళ్ళీ అంతే. హాల్లో మావారు ప్రపంచకప్పు క్రికెట్టు ముందు కూర్చున్నారు. వెస్టిండీస్‌లో ఆట కనుక మనకది రాత్రి. మనవాళ్ళు 191కి అవుటైపోయారు.

"వాడు ఫోనెత్తడంలేదండీ."

"ఆ గోలలో ఏం వినపడుతుందే? పడుకో."

ఆయన మాత్రం పడుకోలేదు. అత్తయ్యా పడుకోలేదు. జపమాల పట్టుకుని మంచం మీద కూర్చున్నారు. వేలమంది ఒకచోట తోసుకుంటుంటే ఏమైనా జరగవచ్చు కదండీ! ఆ ముగ్గురిలో ఒక్కడికీ ఊపిరాడకపోతే ఎవరిని పిలవాలో తెలియదు. మావాడు చిన్నప్పుడు తిరునాళ్ళలో తప్పిపోయి బొరుగుల అంగడి దగ్గర ఏడుస్తూ దొరికినవాడు. పన్నెండు దాటాక ఫోను మోగింది.

"అమ్మా! చూసినామమ్మా!" అన్నాడు. అంతే. గొంతు లేదు, గాలి మాత్రమే వచ్చింది. నేను ఏదో అన్నాను, వాడికి వినబడలేదు. చెవులు హోరెత్తిపోయి ఉన్నాయట. ఏడుస్తున్నాడేమోనని భయపడ్డాను. ఏడ్చాడట కూడా, దుఃఖంతో కాదు. మూడు దాటాక మనవాళ్ళు బంగ్లాదేశ్ చేతిలో అయిదు వికెట్లతో ఓడిపోయారు. ఇంట్లో ఆ రాత్రి సంతోషంగా ఉన్నవాడు ఇంట్లో లేనివాడొక్కడే.

పొద్దున వచ్చాడు. ఒళ్ళంతా దుమ్ము. కచ్చేరీకి ముందు ఢిల్లీ పరిక్రమ బృందం వాయించిందట. ఆ తరువాత స్టీవ్ హారిస్ కూతురే వచ్చి పాడిందట. అది విని అత్తయ్య, "తండ్రి కచ్చేరిలో బిడ్డ పాడిందా? అయితే మంచి సంసారులే" అన్నారు. ఇంతమంది కళ్ళు పడ్డాయంటూ వాణ్ణి తూర్పుముఖంగా నిలబెట్టి ఉప్పు, ఎండుమిరపకాయలు దిగదుడిచారు. వాడు నవ్వుతూ చూపుడువేలూ, చిటికెనవేలూ కొమ్ముల్లా లేపి చూపించాడు. "ఛీ, దయ్యం గుర్తు!" అని వాడి చేతిమీద ఒక్కటిచ్చాను.

ఆ గుర్తు కథ తెలిసినప్పుడు నాకు సిగ్గేసింది. దాన్ని ఈ పాటలవాళ్ళలో వ్యాపింపజేసింది రానీ జేమ్స్ డియో. 1979లో బ్లాక్ సాబత్‌లో చేరాడు. అతనికి ముందు పాడిన ఆజీ ఆస్‌బర్న్ రెండువేళ్ళతో శాంతి గుర్తు చూపేవాడు. అదే తాను చూపితే బాగుండదని డియో తన ఇటలీ నాయనమ్మ చెయ్యి గుర్తు చేసుకున్నాడు. ఆవిడ వీధిలో పోతూ ఎవరి చూపైనా చెడ్డగా తోస్తే అలా రెండువేళ్ళు చూపేదట. అంటే దిష్టి తీయడం! ఒక నాయనమ్మ దిష్టి గుర్తు చూపిన మనవణ్ణి కొట్టి, ఇంకొక అవ్వ చేత ఉప్పు తిప్పించాను. అత్తయ్యకు చెబుదామంటే అప్పటికే ఆవిడ లేరు.

మావాడు తరువాత బెంగుళూరులోనే ఉద్యోగంలో చేరాడు. 2011 అక్టోబరు 30న మెటాలికా వచ్చింది. రెండు రోజుల ముందు ఢిల్లీ దగ్గర జరగాల్సిన వాళ్ళ కచ్చేరీ రద్దయిపోయింది. బెంగుళూరులో జరిగింది. "ఈసారి నువ్వూ రామ్మా" అన్నాడు. మోకాళ్ళ నొప్పులన్నాను. నిజానికి భయం. ఇప్పుడు తలుచుకుంటే, పోయి ఉండాల్సింది.

2025 జులై 22న ఆజీ ఆస్‌బర్న్ పోయాడు. మర్నాడు మావాడు ఫోను చేసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ ఏడాది దసరాకు పెళ్ళాంబిడ్డలతో ఇంటికొచ్చాడు. మనవరాలు రాత్రంతా ఊరికే ఏడుస్తుంటే, మావాడు లేచి వంటింట్లోకి పోయి డబ్బాలు వెతికాడు.

"రాళ్ళుప్పు ఏదమ్మా?"

తీసిచ్చాను. దాన్ని గుప్పిట్లో పట్టుకుని పిల్ల దగ్గర నిలబడ్డాడు.

"ఎన్నిసార్లు తిప్పాల?" అన్నాడు.

"మూడుసార్లురా" అన్నాను.