విడుదల పాట: ఓరుగల్లు ప్రాంత క్రైస్తవుల కృతజ్ఞతా స్తుతిగానం

ఆపద గడిచి బయటపడ్డ మనిషి దేవుణ్ణి పాటతో స్తుతించడం క్రైస్తవ ఆరాధనలో అతి పాత ఆచారం. రోగం, కరవు, అప్పు, చెర, పాపభారం, దేని నుంచి విడుదల దొరికినా ఆ సంగతిని నలుగురిలో నిలబడి చెబుతారు, ఆ తర్వాత పాడతారు. చెప్పడం సాక్ష్యం, పాడడం స్తుతి. తెలుగు సంఘాల్లో ఈ రెండూ ఎంతగా పెనవేసుకున్నాయంటే, సాక్ష్యం చెప్పి పాట ఎత్తకుండా కూర్చున్నవారిని పక్కనున్నవారు ఊరుకోనివ్వరు. ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఈ ఆచారానికి సుమారు 145 ఏళ్ల చరిత్ర ఉంది. అందులోని కథ బైబిలుది, పాడే గొంతు మాత్రం ఈ నేలది.

బైబిలులో

నిర్గమకాండము 15వ అధ్యాయంలో ఇశ్రాయేలీయులు ఎర్ర సముద్రం దాటి అవతలి ఒడ్డున నిలబడగానే చేసిన మొదటి పని పాడడం. మోషే పాట ఎత్తుకుంటాడు. అతని అక్క మిర్యాము వాద్యం చేతబట్టి ముందు నడిస్తే, ఆడవాళ్లంతా నాట్యమాడుతూ ఆమె వెంట వెళ్తారు. తెలుగు బైబిలు ఆ వాద్యాన్ని తంబుర అంటుంది. తంబుర అనగానే మనకు తీగల వాద్యం గుర్తుకొస్తుంది గానీ, హెబ్రీ మూలంలోని వాద్యం చట్రానికి తోలు బిగించి చేత్తో వాయించేది. మన కంజీరకు, డప్పుకు దగ్గరి చుట్టం. ఈ సంగతికి ఓరుగల్లు నేల మీద తర్వాత చాలా అర్థం వచ్చింది.

దెబోరా, హన్నా, దావీదు, చేప కడుపులో ఉన్న యోనా, యేసు తల్లి మరియ, ఇలా ఆ వరుస సాగుతూనే ఉంటుంది. విడుదల పాటలన్నిటిలో కట్టుదిట్టమైనది మాత్రం 107వ కీర్తన. ఎడారిలో దారి తప్పినవారు, చీకటి చెరలో పడ్డవారు, రోగంతో చావు గుమ్మం దాకా వెళ్లినవారు, తుపానులో చిక్కిన ఓడవారు, నాలుగు రకాల మనుషులు అందులో కనిపిస్తారు. నలుగురూ మొరపెడతారు, నలుగురికీ విడుదల దొరుకుతుంది, ప్రతిసారీ కృతజ్ఞత చెల్లించమనే పిలుపు పల్లవిలా తిరిగి వస్తుంది. ఊళ్లో జరిగే సాక్ష్యాల వరసకు అచ్చు ఇదే నమూనా.

లేవీయకాండము 7వ అధ్యాయంలో కృతజ్ఞతాబలి నియమం ఉంది. ఆ బలి మాంసాన్ని అర్పించిన రోజే తినాలి, తెల్లవారే దాకా మిగల్చకూడదు. ఒక్క ఇంటివారు అంత మాంసం ఒక్క రోజులో తినలేరు. చుట్టుపక్కల వాళ్లను పిలవక తప్పదు, పిలిచాక జరిగింది చెప్పక తప్పదు. కృతజ్ఞత నలుగురిలో జరగాలన్న సంగతిని ఆ నియమం భోజనం ద్వారానే నేర్పింది.

విడుదల రాకముందే పాడిన సందర్భాలూ ఉన్నాయి. యెహోషాపాతు రాజు సైన్యానికి ముందు గాయకులను నడిపించాడు. ఫిలిప్పీ పట్టణపు చెరసాలలో పౌలు, సీల కాళ్లకు బొండ వేసి ఉండగా నడిరేయి పాడారు, భూకంపం ఆ తర్వాతే వచ్చింది. తెలుగు ప్రసంగీకులు అన్నిటికన్నా ఎక్కువగా చెప్పే ఉదాహరణ ఇదే. మంచం పట్టిన మనిషి దగ్గర కూర్చుని పాడేవారికి ధైర్యం ఇచ్చేదీ ఇదే.

ఈ నేల మీద అంతకుముందే ఉన్నది

క్రైస్తవం రాక ముందు ఓరుగల్లులో విడుదల పాట లేదనుకుంటే పొరపాటు. మొసలి పట్టులో చిక్కిన ఏనుగు మొరను, దాని విడుదలను తెలుగువారి నోటికి ఎక్కించిన పోతన ఊరు బమ్మెర ఉమ్మడి వరంగల్ జిల్లాలోదే. గోల్కొండ చెరలో కుమిలి కీర్తనలు పాడిన కంచర్ల గోపన్న పుట్టిన నేలకొండపల్లి ఇప్పుడు ఖమ్మం జిల్లాలో ఉంది. ఖమ్మం జిల్లా 1953లో వరంగల్ నుంచే విడివడింది. అంటే చిక్కుకోవడం, మొరపెట్టడం, బయటపడడం, పాడడం అనే నడక ఇక్కడి జనానికి కొత్త కాదు. మిషనరీలు వచ్చేనాటికి పల్లెల్లో భజన ఉంది, తత్త్వాలు ఉన్నాయి, చప్పట్ల మీద గుండ్రంగా తిరిగే బతుకమ్మ పాట ఉంది. కొత్త విశ్వాసం ఈ గొంతుల్లోనే పలికింది.

కీర్తన పుట్టిన తీరు

లండన్ మిషన్ వారు 1805లో విశాఖపట్నం చేరాక తెలుగులో బైబిలు అనువాదానికి పూనుకున్నారు. పాటల విషయంలో మొదటి ప్రయత్నం ఇంగ్లీషు స్తోత్రాలను వాటి బాణీతో సహా తెలుగులోకి దింపడం. మాట ఒక దారి, రాగం ఒక దారి అయింది. ఆ పాటలు కొన్ని నేటికీ పాడుతున్నారు గానీ, ఎన్నడూ పల్లె మనసు ఎక్కలేదు.

పరిస్థితిని మార్చినవాడు పురుషోత్తమ చౌధరి (1803-1890). పర్లాకిమిడి ప్రాంతంలో స్థిరపడ్డ బెంగాలీ బ్రాహ్మణ కుటుంబంలో పుట్టి, 1833లో బాప్తిస్మం పొంది, జీవితమంతా బోధకుడిగా తిరిగాడు. సంస్కృతం, ఒరియా, తెలుగు వచ్చినవాడు. పల్లవి, చరణాలు, రాగం, తాళం ఉన్న కీర్తన రూపాన్ని యథాతథంగా తీసుకుని నూటికి పైగా క్రైస్తవ కీర్తనలు కట్టాడు. తనను పాపం నుంచి విడిపించినవాడికి చెల్లించే కృతజ్ఞతే వాటిలో ఎక్కువగా వినిపిస్తుంది. పులిపాక జగన్నాథం, పంతగాని పరదేశి, బైబిల్ మిషన్ స్థాపించిన ముంగమూరి దేవదాసు వంటివారు ఆ బాటలో నడిచారు. వీరి రచనలు చేరిన 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకంలో ఇప్పటికీ పాట నెత్తిన రాగం పేరు, తాళం పేరు అచ్చవుతాయి. క్రైస్తవ సంగీతం పరాయిదనేవారికి ఆ పుస్తకంలో ఏ పేజీ చూపించినా చాలు.

హనుమకొండ, డోర్నకల్

అమెరికన్ బాప్టిస్టులు నెల్లూరు, ఒంగోలు మీదుగా నిజాం రాజ్యంలోకి వచ్చారు. 1875లో సికింద్రాబాదులో, 1879లో హనుమకొండలో కేంద్రాలు తెరిచారు. అంతకు ఏడాది ముందే, 1876-78 నాటి ఘోరమైన కరవు తర్వాత, ఒంగోలు ప్రాంతంలో గుండ్లకమ్మ ఒడ్డున 1878 జులై 3న ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఎక్కువమంది మాదిగలు. ఆ ఉద్యమానికి మొదటి అడుగు వేసిన యర్రగుంట్ల పేరయ్య మాదిగ పెద్ద. క్రైస్తవుడు కాకముందే యోగ గురువుల దగ్గర కూర్చుని వారి బోధ విన్నవాడు. అటువంటి మనుషులు కొత్త నమ్మకాన్ని ఊరూరా మోసినప్పుడు ముందుగా ప్రయాణించింది పాటే. అక్షరం రాని వాడలకు పాటే గ్రంథం.

ఇక్కడ ఒక బాధాకరమైన సంగతి చెప్పాలి. జాతరల్లో డప్పు కొట్టడం మాదిగల మీద ఊరు మోపిన చాకిరీ. క్రైస్తవులైనవారు ఆ పని మానేశారు, అందుకు దెబ్బలూ తిన్నారు. వెట్టి డప్పును కాదనడం వారికి విడుదలే. అయితే దానితో పాటు తాతల చేతి విద్య కూడా చాలా కాలం గుడి బయటే ఉండిపోయింది. మిర్యాము చేతిలో ఉన్నది డప్పుకు చుట్టమే అని వారికి ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది. లోపలికి హార్మోనియం, కంజీర, తాళాలు, డోలక్ వచ్చాయి. డప్పు తిరిగి రావడానికి తరాలు పట్టింది.

డోర్నకల్ కథ వేరు. 1903లో తిరునల్వేలి తమిళ క్రైస్తవులు తమ సొంత డబ్బుతో ఇండియన్ మిషనరీ సొసైటీ పెట్టి, పనిచేసే చోటుగా నిజాం రాజ్యంలోని ఈ రైలు జంక్షను ప్రాంతాన్ని ఎంచుకున్నారు. వారిలో వేదనాయకం శామ్యూల్ అజరయ్య (1874-1945) 1909లో ఇక్కడికి వచ్చి, 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన మొదటి భారతీయుడు ఆయనే. తమిళుడై ఉండి తెలుగు నేర్చుకుని, తెలుగు పాటకు పెద్దపీట వేశారు. పల్లె ఉపాధ్యాయుడు పగలు పిల్లలకు చదువు చెప్పి, పొద్దుగూకాక కూలికి వెళ్లొచ్చిన పెద్దలను వాడ మధ్య కూర్చోబెట్టి ప్రార్థన నడిపేవాడు. విశ్వాస ప్రమాణం, పది ఆజ్ఞలు, బైబిలు కథలు, అన్నీ నోటితోనే నేర్పేవాడు, వీలైనన్ని పాటగా. ఐగుప్తు బానిసల కథ వెట్టి చేసే మనిషికి విడమరచి చెప్పాల్సిన అవసరం ఉండేది కాదు. దొర గడి, ఫరో కోట ఒకటిగానే తోచేవి.

అజరయ్య కట్టించిన డోర్నకల్ ప్రధానాలయం 1939లో ప్రతిష్ఠ జరుపుకుంది. గుమ్మటాలు, ద్రావిడ పద్ధతి స్తంభాలు కలిసిన ఆ కట్టడం కూడా పాట చేసిన పనినే రాతిలో చేసింది. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు డోర్నకల్ అందులో చేరింది.

కథోలికుల వైపు 1952 డిసెంబరు 22న వరంగల్ మేత్రాసనం (బిషప్ పాలనలోని ప్రాంతం) ఏర్పడింది. ఇటలీ నుంచి వచ్చిన అల్ఫోన్సో బెరెట్టా మొదటి మేత్రాణులు. రెండవ వాటికన్ మహాసభ 1963లో ప్రజల భాషకు తలుపు తెరిచాక, లతీను స్తోత్రాల చోట తెలుగు పాట వచ్చింది. కాజీపేట ఫాతిమానగర్ ప్రధానాలయంలో సర్వేశ్వరుడని పిలిచినా, హనుమకొండ బాప్టిస్టు గుడిలో యెహోవా అని పిలిచినా పాడే వరస ఒకలాగే వినిపిస్తుంది. హైదరాబాదు హెబ్రోను కేంద్రంగా భక్త సింగ్ (1903-2000) నడిపిన సహవాసాలు గంటల తరబడి సాగే స్తుతిని అలవాటు చేశాయి. వారి 'సీయోను గీతములు' పుస్తకం ఈ జిల్లాలోనూ చాలా ఇళ్లలో కనిపిస్తుంది.

కృతజ్ఞత కూడిక

ఈ ఆచారం అసలు రూపు ఆదివారపు గుడిలో కన్నా ఇంటి కూడికలో తేటగా కనిపిస్తుంది. వరంగల్ ఎంజీఎం ఆసుపత్రి నుంచి మనిషి ప్రాణాలతో ఇంటికి వచ్చాడనుకోండి. ఒప్పుకున్న మొక్కు తీర్చినట్టు, ఇంటివారు సంఘ కాపరి అయ్యగారిని కలిసి తేదీ అడుగుతారు. సాయంత్రం వాకిట్లో షామియానా వేస్తారు, చాపలు పరుస్తారు. ఆడవాళ్లు కొంగు నెత్తిన కప్పుకుని ఓ పక్క, మగవాళ్లు ఓ పక్క. మొదట వచ్చిన పది మందితోనే పాట మొదలవుతుంది, మిగతావారు పాటలోకే వచ్చి కూర్చుంటారు. మూడు పాటలయ్యాక ఆ ఇంటి మనిషి లేస్తాడు. వందనాలు చెప్పి, ఏ రోజు జ్వరం వచ్చింది, ఏ డాక్టరు ఏమన్నాడు, ఎంత ఖర్చయింది, ఎవరు రాత్రంతా ప్రార్థన చేశారు, వరసగా చెబుతాడు. మధ్యలో గొంతు పూడుకుంటుంది. అప్పుడు ముందు వరసలోని ముసలామె ఎవరో స్తోత్రం అని, అడక్కుండానే పల్లవి అందుకుంటుంది. అతను ఆపిన చోటు నుంచి సంఘమంతా పాడుతుంది.

ఈ ఆచారమంతటికీ ఆయువుపట్టు ఆ క్షణమేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ఒకరి విడుదల అందరి పాట అవుతుంది. తర్వాత వాక్యం, ప్రార్థన, కవరులో పెట్టిన కానుక, విస్తట్లో భోజనం. లేవీయకాండపు కృతజ్ఞతాబలి గురించి ఆ ఇంటివారు వినకపోయినా, వండింది ఆ రాత్రే అందరికీ పెట్టేస్తారు.

ఏటా డిసెంబరు 31 రాత్రి ఇదే పని గుడి మొత్తం చేస్తుంది. గడిచిన ఏడాది ఏ గండం దాటామో చెప్పేవారి వరస పన్నెండు గంటలకు ముందే మొదలవుతుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్‌తో గుళ్లు మూతపడినప్పుడు ఈ కూడికలు ఫోన్లలోకి మారాయి. ఆక్సిజన్ మీద ఉన్నవారి మంచం పక్కన ఫోన్ స్పీకరు పెట్టి పాడినవారు ఎందరో.

ఇప్పుడు కీబోర్డు, రిథమ్ ప్యాడ్ పల్లెకూ చేరాయి. యూట్యూబులో వారం వారం కొత్త పాటలు వస్తున్నాయి. వాటిలో స్తుతి మాట చాలా ఉంది. ఫలానా ఆపద, ఫలానా రోజు అని చెప్పే సాక్ష్యం తగ్గింది. పాత కీర్తనల్లోని బలం ఆ వివరంలోనే ఉండేది. డోలక్ మీద, కోలాటం అడుగు మీద వాడల్లో ఆడవాళ్లు తమకు తాము కట్టుకున్న విడుదల పాటలు ఏ పుస్తకంలోనూ లేవు. రాసినవారి పేరు లేదు, రాగం పేరు లేదు, నోట మాత్రమే ఉన్నాయి. అటువంటి పాట తెలిసిన అవ్వ మీ ఇంట్లో ఉంటే, ఈ ఆదివారమే ఆమె పక్కన కూర్చుని పాడించి రికార్డు చేయండి. ఏ ఆపద గడిచాక ఆ పాట కట్టారో కూడా అడిగి రాసిపెట్టండి.