వాషింగ్ మెషీన్ కుదుపుకు కళ్లెం

వాషింగ్ మెషీన్‌ను కుదిపేది ఉతుకు కాదు, పిండడం. 1767లో జర్మనీలోని రేగెన్స్‌బర్గ్‌లో జాకబ్ క్రిస్టియన్ షేఫర్ వివరించిన ఉతుకు యంత్రమైనా, 1782లో ఇంగ్లండ్‌లో హెన్రీ సిడ్జియర్ పేటెంట్ పొందిన తిరిగే పీపా అయినా చేత్తో నడిచేవే. 20వ శతాబ్దం మొదట్లో విద్యుత్ మోటారు వచ్చాక కూడా తడి బట్టలను రెండు రోలర్ల మధ్య పెట్టి పిండేవారు. గుండీలు పగిలేవి, ఒక్కోసారి వేళ్లు నలిగేవి. కానీ యంత్రం ఉన్నచోటే ఉండేది. 1920లలో అమెరికాలో బట్టలను చిల్లుల బుట్టలో గిరగిరా తిప్పి నీరు వదిలించే యంత్రాలు వచ్చాయి. కుదుపు సమస్య వాటితోనే మొదలైంది.

తిరిగే డ్రమ్‌లో తడి బట్టలు ఎప్పుడూ సమంగా సర్దుకోవు. 48 సెంటీమీటర్ల వ్యాసమున్న డ్రమ్ నిమిషానికి 1000 చుట్లు తిరుగుతుండగా ఒక పక్క అర కిలో ఎక్కువైతే చాలు, అది డ్రమ్‌ను దాదాపు 130 కిలోల బరువుకు సమానమైన బలంతో బయటికి లాగుతుంది. ఆ లాగుడు దిశ సెకనుకు 16 సార్లకు పైగా చుట్టి వస్తుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలవుతుంది.

తొలితరం ఆటోమేటిక్ యంత్రాలు దీనికి కనుగొన్న విరుగుడు, యంత్రాన్ని నేలకు బిగించేయడం. 1937లో అమెరికాలో బెండిక్స్ కంపెనీ ముందు తలుపున్న ఆటోమేటిక్ వాషర్‌ను తెచ్చింది. దాన్ని నేలకు బోల్టులతో బిగించాల్సి వచ్చేది. 1951లో జర్మనీలో వెలువడిన కన్‌స్ట్రుక్టాదీ అదే దారి. ఇలా బిగిస్తే యంత్రం కదలదు గానీ కుదుపు తగ్గదు, నేలలోకి పాకుతుంది. గట్టి కాంక్రీటు నేల లేని ఇంటికీ, మేడమీది అద్దె గదికీ అలాంటి యంత్రం పనికిరాదు.

సరైన దారి అప్పటికే మరో రంగంలో తెరుచుకుని ఉంది. ఒక హద్దు దాటిన వేగంతో ఏ ఇరుసూ తిరగలేదని 1869లో స్కాట్లండ్ ఇంజనీరు విలియం ర్యాంకిన్ తేల్చాడు. ఇరుసు సహజంగా ఊగే లయ, తిరిగే లయ ఒకటైన చోట ఊపు విపరీతంగా పెరుగుతుంది. ఆ చోటే సందిగ్ధ వేగం. 1889లో స్వీడన్‌కు చెందిన గుస్తాఫ్ దె లావల్ తన ఆవిరి టర్బైన్‌కు సన్నని, వంగే ఇరుసు అమర్చి ఆ హద్దును దాటించాడు. దాటాక టర్బైన్ మరింత నిమ్మళంగా తిరిగింది. హద్దు దాటిన వస్తువు తన బరువు కేంద్రం చుట్టూ తిరగడానికి మొగ్గుతుందని 1919లో హెన్రీ జెఫ్‌కాట్ గణితంతో వివరించాడు.

నేటి వాషింగ్ మెషీన్‌ను కుదురుగా నిలిపేది ఈ సూత్రమే. డ్రమ్‌ను మోసే తొట్టిని బయటి పెట్టెకు బిగించరు, స్ప్రింగులకు వేలాడదీస్తారు. తొట్టికి కాంక్రీటు దిమ్మెలు కడతారు. తొట్టి, మోటారు, దిమ్మె, బట్టలు కలిసి 60 కిలోలున్నాయనుకుంటే, సందిగ్ధ వేగం బాగా దాటాక ఆ అర కిలో తేడా తొట్టిని కేంద్రం నుంచి సుమారు 2 మిల్లీమీటర్లే జరుపుతుంది. దిమ్మె తీసేస్తే ఆ కదలిక పెరుగుతుంది.

చిక్కంతా ఆ వేగాన్ని దాటే కొద్ది క్షణాల్లోనే. నిమిషానికి 100 నుంచి 300 చుట్ల మధ్య ఎక్కడో తొట్టి ఊపు పతాక స్థాయికి చేరుతుంది. స్ప్రింగు ఊపును తిరిగి ఇస్తుందే తప్ప హరించదు. హరించేది షాక్ అబ్జార్బర్. 20వ శతాబ్దపు తొలినాళ్లలో కార్లకు రాపిడితో పనిచేసే షాక్ అబ్జార్బర్లు ఉండేవి. కార్లు క్రమంగా నూనె రకానికి మారాయి. వాషింగ్ మెషీన్లలో మాత్రం రాపిడి రకమే నిలిచింది. అది చవక, కారేందుకు నూనె ఉండదు. ఒక గొట్టం, అందులో జారే కడ్డీ, మధ్యలో గ్రీజు పట్టించిన నురుగు పట్టీ, రెండు చివర్లా రబ్బరు బుష్షులు. ఇంతే నిర్మాణం. ఒక్కోటి ఇచ్చే నిరోధం సాధారణంగా 60 నుంచి 120 న్యూటన్లు. చాలా వాటి ఒంటిమీద ఆ అంకె అచ్చు వేసి ఉంటుంది. వేగం అందుకున్నాక ఈ రాపిడి అక్కరలేదు సరికదా, సన్నని వణుకును పెట్టెలోకి చేరవేస్తుంది. అందుకే తర్వాతి రకాల్లో కొన్నింటికి చిన్న కదలికలకు పట్టీ ఒరుసుకోకుండా కొంత ఖాళీ జరుగుడు ఉంచారు.

తెలుగు ఇళ్లలో ఎక్కువమందికి మొదట అలవాటైన సెమీ ఆటోమేటిక్‌లో నీరు పిండే బుట్ట వేరు. దాని మోటారు మూడు స్ప్రింగుల మీద నిలుస్తుంది. పైనుంచి బట్టలు వేసే ఆటోమేటిక్‌లో తొట్టి నాలుగు మూలల కడ్డీలకు వేలాడుతుంది. ముందు తలుపున్న యంత్రాలు వాడుకలోకి వచ్చాకే షాక్ అబ్జార్బర్ మార్పిడి మెకానిక్‌కు నిత్యకృత్యమైంది.

ఏళ్లు గడిచేకొద్దీ గ్రీజు ఎండుతుంది, పట్టీ అరుగుతుంది, బుష్షు వదులవుతుంది. లోపం మొదట బయటపడేది వేగం ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూనే. తొట్టి పెట్టెకు ధబధబా కొట్టుకుంటుంది, యంత్రం ముందుకు జరుగుతుంది. మోటారు వేగంలో హెచ్చుతగ్గులను బట్టి అసమతూకాన్ని పసిగట్టే ఎలక్ట్రానిక్ యంత్రమైతే, బట్టలను మళ్లీ మళ్లీ సర్ది, చివరికి పిండకుండానే ఆగిపోవచ్చు. పరీక్ష సులువు. ప్లగ్ తీసి తొట్టిని చేత్తో కిందికి నొక్కి వదలాలి. బాగున్న షాక్ అబ్జార్బర్లుంటే అది పైకి వచ్చి నిలుస్తుంది. అరిగితే ఊగుతూనే ఉంటుంది.

మార్చడానికి కరెంటు, నీటి పైపులు తీసి, నీరంతా వంపి, మోడల్‌ను బట్టి వెనక పలక విప్పుతారు లేదా యంత్రాన్ని పడుకోబెడతారు. కింది, పై పిన్నులో బోల్టులో ఊడదీస్తే పాతది చేతికి వస్తుంది. కడ్డీ ఏ అడ్డూ లేకుండా జారిపోతే దాని పని అయిపోయినట్టే. కొత్తవి అదే పొడవు, అదే న్యూటన్ల అంకెతో ఉండాలి, అన్నీ ఒకేసారి మార్చాలి. ఒక్కటే మారిస్తే నిరోధం ఒక పక్కకు ఎక్కువై తొట్టి వంకరగా ఊగుతుంది. రాపిడి మీదే పనిచేసే భాగం కనుక కడ్డీకి బయటినుంచి నూనె రాయకూడదు. రాస్తే కొత్తది సైతం పాతదానిలాగే జారిపోతుంది.