కిర్రు చెప్పుల నుంచి కొత్త మోకాళ్ళ దాకా

ఎవరింటికైనా పేరంటానికి వెళితే, లోపల ఎవరెవరున్నారో తెలుసుకోడానికి తలుపు తట్టనక్కర్లేదు. గుమ్మం బయట విడిచిన చెప్పులు చూస్తే చాలు. మడమలెత్తువి కొత్త కోడలివి, బొటనవేలి దగ్గర అరిగినవి పంతులమ్మవి, ఒకటిటూ ఒకటటూ పడినవి పిల్లలవి. ఇంత కబురు చెప్పగల వస్తువుకి మనమిచ్చే మర్యాద మాత్రం అంతంతే. చీరల గురించి పొద్దుగూకేదాకా మాట్లాడుకుంటాం. నగల సంగతి సరేసరి. చెప్పు మాత్రం తిట్టుకే పనికొస్తుంది మనకి! అదే రాముడి పాదుకలైతే భరతుడు నెత్తిన పెట్టుకుని తెచ్చి, సింహాసనం మీద ఉంచి, పద్నాలుగేళ్ళు వాటి పేర రాజ్యం నడిపాడు. కనక చెప్పుకీ ఒక చరిత్ర ఉంది. అది కాస్త తెలిస్తే, వయసు మీదపడ్డాక, కీళ్ళు మార్పించుకున్నాక ఎటువంటి జోడు కొనుక్కోవాలో కూడా తెలిసిపోతుందని నా ఉద్దేశం.

మా కొత్తగూడ మహబూబాబాద్ జిల్లాలో అడవి మధ్య ఊరు. ఒక దిక్కు పాకాల, ఇంకో దిక్కు ములుగు అడవులు. ఆ ములుగు జిల్లా పాలంపేటలోనే రామప్ప గుడి ఉంది. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. 2021లో యునెస్కో వారు ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. గుడి చూరు కింద నల్లరాతి మదనికలు అద్దంలా మెరుస్తుంటారు. వాళ్ళలో ఒకామె కాళ్ళకి ఎత్తు మడమల చెప్పులున్నాయి. గైడు ఆ బొమ్మని చూపించగానే ఆడవాళ్ళందరం కొంగు సర్దుకుని మెడలెత్తి చూస్తాం. ఎనిమిది వందల ఏళ్ళ కిందటే మనకి హైహీల్స్ ఉన్నాయని మురిసిపోతాం. మురవాల్సిందే. కాని ఒక్కమాట. ఆమె రాతిబొమ్మ. నడుం వంచి, ఒక పక్కకి ఒరిగి ఎన్ని వందల ఏళ్ళు నిలబడినా ఆమెకి మోకాళ్ళ నొప్పి రాదు. మనకి సాయంత్రానికే వస్తుంది.

ఇంతకీ బయటి దేశాల్లో మడమ ఎత్తు మొదట ఆడవాళ్ళ సోకు కానే కాదు. పర్షియా గుర్రపు రౌతులు రికాబులోంచి కాలు జారకుండా మడమ ఉన్న జోళ్ళు తొడిగేవారు. 17వ శతాబ్దంలో యూరప్ దొరలు వాటి మీద మోజుపడ్డారు. ఫ్రాన్సు రాజు 14వ లూయీ ఎర్రమడమల జోడు తొడిగి, తన కొలువులోని వాళ్ళకే ఆ ఎర్రమడమ అని కట్టడి చేశాడు. తరవాత తరవాత మగవాళ్ళు తెలివిగా దిగిపోయారు. ఆడవాళ్ళం ఎక్కినచోటే ఉండిపోయాం. ఇంకో విడ్డూరం వినండి. ఆ యూరప్‌లోనే 19వ శతాబ్దం తొలినాళ్ళ దాకా చాలా జోళ్ళకి కుడి ఎడమల తేడా ఉండేది కాదు. రెండూ ఒకే అచ్చు. కాలే జోడుకి సర్దుకోవాలి గాని, జోడు కాలికి సర్దుకోదు!

మన ఊళ్ళ సంగతి చూద్దాం. తోలుని సున్నపు నీళ్ళలో వేసి, వెంట్రుకలు తీసి, లందలో తంగేడు చెక్క, కరక్కాయ కలిపిన నీళ్ళలో రోజుల తరబడి ఊరబెట్టేవారు మాదిగలు. మనం బతుకమ్మలో పేర్చే తంగేడే అది. కరక్కాయ మా అడవుల్లో కోయవాళ్ళు ఏరి అమ్ముకునేదే. ఊరిన తోలుని రంపెతో కోసి, ఆరెతో కుట్టి, నూనె పట్టిస్తే జోడు తయారు. కొత్తలో కిర్రుకిర్రుమనేవి. అందుకే కిర్రు చెప్పులన్నారు. పెద్దమనిషి వస్తున్నాడని వీధి మలుపులోనే తెలిసిపోయేది. ఇంత పనితనం చూపినవాడు తను కుట్టిన చెప్పు తను తొడుక్కుని పెద్దిళ్ళ ముందు నుంచి నడవడానికి మాత్రం వీల్లేదు. విప్పి చేతపట్టుకుని పోవలసిందే. ఇంటి ఆడవాళ్ళకి వేరే ఆంక్షలు. అత్తమామల ఎదుట చెప్పు తొడగడం తలబిరుసుతనం. మా అమ్మమ్మ తరం వాళ్ళు ఎండలోనూ ముళ్ళలోనూ ఒట్టి కాళ్ళతోనే తిరిగారు. చెప్పు ఎవరు తొడగచ్చు, ఎవరు తొడగకూడదు అన్న లెక్కలతోనే మన చరిత్ర చాలావరకు గడిచిపోయింది. ఏ చెప్పు కాలికి హాయి అన్న ప్రశ్న చాలా ఆలస్యంగా వచ్చింది.

ఆ ప్రశ్న మా ఇంట్లో మా వదిన వల్ల వచ్చింది. ఆవిడ రెండు మోకాళ్ళూ మార్పించుకుని ఏడాది దాటింది. సింగపూరులో ఉన్న కొడుకు, అమ్మని ఓడ మీద నాలుగు రోజులు తిప్పుతానన్నాడు. ఆ ఓడలో ఒక రాత్రి అందరూ బాగా ముస్తాబై భోజనానికి రావాలట. వదిన గద్వాల పట్టుచీర తీసింది. మరి కాళ్ళకి? డాక్టరు వేసుకోమన్న చెప్పులున్నాయి. మెత్తగా, వెడల్పుగా, నల్లగా ఉంటాయి. "గవేసుకొని పట్టుచీర కట్టుకుంటే నవ్వరా పిల్లా?" అంది. కొడుకు పెళ్ళికి కొన్న తళుకుల మడమ చెప్పులు బీరువాలోంచి తీసి దుమ్ము తుడిచింది. "నవ్వేటోళ్ళని నవ్వనీ వదినా, నడిచేది నీ మోకాళ్ళు గద" అన్నాను. ఆవిడ మొహం చూస్తే ఆ ఒక్క మాటతో ఒప్పుకునేలా లేదు. అప్పుడు మొదలుపెట్టాను చరిత్ర.

మోకాలికి కొత్త కీలు పెట్టడం చిన్న కథ కాదు. 1890లో బెర్లిన్‌లో గ్లుక్ అనే వైద్యుడు ఏనుగు దంతంతో కీలు చేసి రోగికి అమర్చాడు. ఆ కీళ్ళు చీముపట్టి నిలవలేదు. తరవాత ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ తుంటి కీలు మీద పట్టుబట్టాడు. మొదట టెఫ్లాన్ వాడాడు. మన అట్లపెనం మీద పూసే సరుకే. ఒంట్లో అది మూడు నాలుగేళ్ళకే అరిగిపోయింది. రోగులకి మళ్ళీ కోతలు తప్పలేదు. మగ్గాల యంత్రాల్లో పళ్ళచక్రాలకి వాడే గట్టి ప్లాస్టిక్ ఒకటి 1962లో ఆయన కంటపడింది. పాలిథీన్ జాతిదే. ఒంటికి పడుతుందో లేదో చూడడానికి చిన్న ముక్కలు తన తొడలోనే పెట్టించుకున్నాడు! ఆ ఏడాది నవంబరు నుంచి దాన్ని రోగులకి వాడాడు. ఆ దారిలోనే న్యూయార్కులో ఇన్సాల్ బృందం చేసిన మోకాలి కీలు 1974లో వచ్చింది. ఇప్పుడు పెట్టే మోకాళ్ళు చాలావరకు దాని సంతతే. మన దేశంలో తుంటి కన్నా మోకాలి మార్పిడులే ఎక్కువ.

ఇంతమంది ఇన్నేళ్ళు తంటాలు పడి చేసిన కీలుని తీసుకెళ్ళి ఎత్తు మడమ మీద నిలబెడితే ఏమవుతుంది? 1998లో అమెరికాలో హార్వర్డ్ వైద్యులు ఆరోగ్యంగా ఉన్న 20 మంది ఆడవాళ్ళని ఒట్టి కాళ్ళతోనూ, ఎత్తు మడమలతోనూ నడిపించి కొలిచారు. మడమలెత్తితే మోకాలి మీద ఒత్తిడి పెరుగుతుందని తేలింది. పైగా కాలు మడతపడి బోర్లాపడితే, కీలు చుట్టూ ఉన్న ఎముక విరగచ్చు.

మరి ఆ మెత్తని చెప్పు ఎక్కడిది? అదే అసలు కథ. మన చిత్తూరుకి పక్కనే వెల్లూరు. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలకి 1946లో పాల్ బ్రాండ్ అనే ఆంగ్లేయ వైద్యుడు వచ్చాడు. ఆయన పుట్టింది మన దక్షిణాదినే, తమిళనాడు కొల్లి కొండల్లో, 1914లో. అప్పట్లో కుష్ఠువ్యాధిని పెద్దరోగం అనేవారు. ఆ రోగుల కాళ్ళు పుండ్లుపడి, వేళ్ళు అరిగిపోతుంటే, మాంసమే కుళ్ళుతోందని అందరూ అనుకునేవారు. బ్రాండ్ కనిపెట్టి చూశాడు. మాంసంలో లోపం లేదు, లోపం స్పర్శలో. మనకి చెప్పులో చిన్న రాయి పడితే ఆగి దులుపుకుంటాం. వాళ్ళకి నొప్పి తెలియదు కనక అదే రాయి మీద మైళ్ళు నడిచేవారు. కనక మందు ఒక్కటే చాలదు, చెప్పు మార్చాలి.

ఆయనా ఆయన సహచరులూ రకరకాల చెప్పులు కుట్టించి చూశారు. చివరికి కుదిరింది మైక్రో సెల్యులార్ రబ్బరు. ముద్దుగా ఎం.సి.ఆర్. అంటారు. పులిసిన దోసెపిండిలోలాగా లోపలంతా సన్నని గాలి బుడగలుంటాయి. అడుగు వేస్తే ఒళ్ళు బరువు ఒక్కచోటే గుచ్చుకోకుండా అరికాలంతా పంచుతుంది. వెల్లూరు దగ్గరి కరిగిరి ఆసుపత్రిలో ఆ చెప్పులు తయారుచేసేవారు. మేకులు కొట్టరు. మేకు లేస్తే స్పర్శ లేని కాలికి తెలియదు కదా!

ఒక్క ఇబ్బంది వచ్చింది. ఆ చెప్పు చూడగానే జబ్బు సంగతి ఊరందరికీ తెలిసిపోయేది. అందుకని రోగులు తొడగడానికే జంకేవారు. పుండుకన్నా సిగ్గు ఎక్కువ బాధపెట్టింది వాళ్ళని. ఈరోజు షుగరున్నవాళ్ళకీ, మడమ నొప్పి ఉన్నవాళ్ళకీ డాక్టర్లు రాసేదీ, కొట్లో మెత్తచెప్పులని అడిగితే చూపించేదీ చాలావరకు ఆ ఎం.సి.ఆర్. రబ్బరే. మనం దూరంగా నిలబెట్టినవాళ్ళ పాదాల మీద కనిపెట్టిన హాయి, తిరిగి మన పాదాలకి వచ్చింది.

ఓడకి వద్దాం. మన తెలుగువాళ్ళు ఓడలెక్కడం కొత్త కాదు. 1860 అక్టోబరులో మద్రాసు రేవు నుంచి ట్రూరో అనే ఓడ మనవాళ్ళనీ, తమిళుల్నీ కూలికి తీసుకుపోయి నవంబరు 16న దక్షిణాఫ్రికా డర్బన్‌లో దింపింది. వాళ్ళది కడుపు కోసం ప్రయాణం. 2022 జూన్‌లో విశాఖ రేవుకి విహార నౌక వచ్చి పుదుచ్చేరి, చెన్నైల వైపు జనాన్ని తీసుకుపోయింది. ఇది కాలక్షేపం కోసం. దేనికోసమైనా సముద్రం సముద్రమే. నేల ఊగుతుంది, పై అంతస్తు మీద తడి ఉంటుంది. 1935లో అమెరికాలో పాల్ స్పెర్రీ అనే పడవల మనిషి, తడి పలకల మీద జారి విసిగిపోయాడు. ఒకరోజు తన కుక్క మంచు మీద జారకుండా పరుగెత్తడం చూసి, దాని పంజా తిరగేసి చూశాడు. సన్నని గీతలున్నాయి. రబ్బరు అడుగు మీద కత్తితో అలాగే అలలు అలలుగా గీతలు గీశాడు. అంతే, జారడం తగ్గింది! ఓడ జోళ్ళు అలా పుట్టాయి.

ఇక కొట్టుకి వెళ్ళాక ఏం చూడాలో ఈ కథల్లోనే ఉంది. మడమ అంగుళం దాటకూడదు, సన్నగా కాక వెడల్పుగా ఉండాలి. వెనక పట్టీ గాని, మూసిన మడమ గాని తప్పనిసరి. వేళ్ళతో పట్టుకుని ఈడ్చే చెప్పులు ఓడ మీద పనికిరావు. అడుగున గీతలుండాలి. లోపల మెత్తగా ఉండాలి గాని, పరుపు మీద నడిచినట్టు కుంగిపోకూడదు, నిలకడ తప్పుతుంది. ఆపరేషనైన కాలు కొన్ని నెలలపాటు సాయంత్రానికి వాస్తుంది. అందుకని సాయంత్రం పూటే వెళ్ళి, రెండు కాళ్ళకీ తొడిగి, ఎక్కువ వాచిన కాలికి సరిపడే సైజు కొనాలి. లేసులకన్నా అతుక్కునే పట్టీలు నయం, వాపుని బట్టి వదులు చేసుకోవచ్చు. తుంటి మార్చినవాళ్ళు డాక్టరు సరేననేదాకా వంగకూడదు కనక, పొడవాటి పిడి ఉన్న గరిటెలాంటి షూహార్న్ ఒకటి కొనుక్కోవాలి. ఇంట్లోనే నాలుగు వారాలు తొడిగి అలవాటు చేసుకోవాలి. కొత్త జోడు ఓడలోనే మొదటిసారి తొడగడం, కొత్త వంట చుట్టాలొచ్చినరోజే మొదలెట్టడం లాంటిది.

పట్టుచీర కట్టేవాళ్ళకి ఇంకో జాగ్రత్త. ఎత్తు మడమలకి అలవాటుపడిన చీరకట్టు, మడమ తగ్గితే అంగుళం కిందికి జారి కాలికింద పడుతుంది. కనక ముందు జోడు తొడిగి, తరవాత కుచ్చిళ్ళు పోసుకోవాలి. నల్లనివి నచ్చకపోతే రాగిరంగువో, బంగారురంగువో తోలు జోళ్ళు దొరుకుతాయి. జరీ అంచు కింద ఇట్టే కలిసిపోతాయి.

మా వదిన చివరికి రాగిరంగువి కొంది. లోపలి మెత్త అదే రబ్బరు. కరిగిరి రోగులు ఊరివాళ్ళ చూపులకి జంకి విప్పేసిన చెప్పుని, మనం పట్టుచీర మీదికి తొడిగి పదిమందిలో నడిస్తే తప్పేముంది? దాన్ని ముందుగా తొడిగినవాళ్ళ సిగ్గు కూడా కొంత పోతుందేమో. కొత్త మోకాలు డబ్బుతో వస్తుంది. సిగ్గుపడకుండా హాయిగా నడవడం మాత్రం మనంతట మనమే నేర్చుకోవాలి. ఏమంటారు?