దారి మీది ఊరికి తెలియాల్సింది

ఖమ్మం జిల్లా నేలకొండపల్లి చరిత్ర చెప్పమంటే ఎవరైనా రెండింటితో మొదలుపెడతారు: బౌద్ధ స్తూపం, భక్త రామదాసు. ఆ ఊరికి మూడో చరిత్ర కూడా ఉంది, అది దారిది. ఖమ్మం నుంచి కోదాడ వెళ్ళే ఈ దారికి ఒక కొస అవతల కొత్తగూడెం, మణుగూరు బొగ్గు గనులు, పాల్వంచ థర్మల్ కేంద్రం, అశ్వాపురం దగ్గరి మణుగూరు భారజల (హెవీ వాటర్) కర్మాగారం ఉన్నాయి. రెండో కొస కోదాడ దగ్గర హైదరాబాద్-విజయవాడ రహదారిలో కలుస్తుంది. వడ్లు, మిర్చి బస్తాలు, గ్రానైట్ రాళ్ళు మోసే లారీల మధ్యనే ట్యాంకర్లు, సిలిండర్ల బండ్లు కూడా పోతుంటాయి. పేరు వినగానే జనం ఉలిక్కిపడే సరుకు ఇంకొకటి ఉంది, రేడియోధార్మిక పదార్థం. ఏ బండి ఏ రోజు ఏ దారిన వెళ్ళిందో బయటికి చెప్పరు. అయినా పెద్ద పరిశ్రమలు, క్యాన్సర్ ఆసుపత్రులు ఉన్న రాష్ట్రంలో ఏ ప్రధాన రహదారికీ ఆ సరుకు పూర్తిగా కొత్త కాదు. దాని రవాణా చరిత్రను వరసగా చూస్తే ఒక సంగతి స్పష్టమవుతుంది. ఇన్నేళ్ళూ మనుషుల్ని కాపాడింది గట్టి పెట్టె. మనుషుల్ని దెబ్బతీసింది ఆ పెట్టెలో ఏముందో తెలియకపోవడం. కాబట్టి ప్రమాద సమయపు స్పందన రాజధానిలోని నిపుణుడి దగ్గర కాదు, దారి మీది ఊళ్ళోనే మొదలవ్వాలి.

తెలుగు నేల మీద ఈ రవాణాకు యాభై ఏళ్ళు దాటాయి. 1971లో హైదరాబాద్ మౌలాలి దగ్గర న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ ఏర్పడింది. అప్పటి బీహార్‌లోని, ఇప్పటి జార్ఖండ్‌లోని జాదుగూడలో ఖనిజం నుంచి తీసిన యురేనియం పొడి అక్కడికి చేరుతుంది. పసుపు రంగును బట్టి దాన్ని ఎల్లో కేక్ అంటారు. ఆ పొడిని శుద్ధి చేసి, బిళ్ళలుగా ఒత్తి, జిర్కోనియం మిశ్రలోహపు గొట్టాల్లో నింపి, రావత్‌భాటా, కల్పాక్కం, కైగా వంటి చోట్ల ఉన్న రియాక్టర్లకు ఇంధనంగా పంపుతారు. తర్వాతి కాలంలో కడప జిల్లా తుమ్మలపల్లె గని కూడా ఈ వరసలో చేరింది. అయితే ఖమ్మం లాంటి జిల్లాకు దగ్గరి సరుకు వేరే ఉంది. బాయిలర్లు, పైపులైన్లు కట్టేటప్పుడు వెల్డింగ్ అతుకుల్ని పరీక్షించే రేడియోగ్రఫీ కెమెరాలో ఇరీడియం-192 ఉంటుంది. అది 74 రోజులకు సగానికి తగ్గిపోతుంది గనక మాటిమాటికీ కొత్తది తెప్పించుకోవాలి, పాతది తిప్పి పంపాలి. బొగ్గు, ఖనిజం మట్టాన్ని, సాంద్రతను కొలిచే కొన్ని పరికరాల్లో సీజియం-137 ఉంటుంది. ఆసుపత్రులకు అయొడిన్-131, కోబాల్ట్-60 వెళ్తాయి. రియాక్టర్ పేరు చెబితే అందరికీ భయం గానీ, దారుల మీద ఎక్కువగా తిరిగేవి ఈ చిన్న పెట్టెలే.

ఈ పెట్టెల కథ నిజంగా మెచ్చుకోదగ్గది. అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 1961లో రవాణా నిబంధనలు ప్రకటించింది. వాటి మూలసూత్రం ఒకటే: డ్రైవర్ జాగ్రత్త మీదా దారి బాగోగుల మీదా ఆధారపడకుండా, భద్రతను పెట్టె నిర్మాణంలోనే ఉంచాలి. తక్కువ మోతాదు సరుకుకు ఎ రకం పెట్టె, ఎక్కువ మోతాదుకు బి రకం పెట్టె. బి రకం పెట్టె నమూనా తొమ్మిది మీటర్ల ఎత్తు నుంచి గట్టి నేల మీద పడినా, 800 డిగ్రీల మంటలో అరగంట ఉన్నా లోపలి సరుకును కాపాడగలగాలి. మన దేశంలో 1962 అణుశక్తి చట్టం కింద నియమాలు వచ్చాయి, 1983లో అణుశక్తి నియంత్రణ మండలి ఏర్పడింది, 1986లో ఆ మండలి రవాణాకు ప్రత్యేక నియమావళి తెచ్చింది. పెద్ద ప్రమాదాల్లో స్పందనను సమన్వయం చేయడానికి అణుశక్తి విభాగం 1987లో సంక్షోభ నిర్వహణ బృందాన్ని ఏర్పాటు చేసుకుంది. నిబంధనల ప్రకారం ప్యాక్ చేసిన సరుకు దారిలో ప్రమాదానికి గురైనప్పుడు రేడియేషన్ వల్ల ఎవరికీ తీవ్రమైన హాని జరగలేదని రవాణా నిపుణులు చెబుతారు. ఆ మాటను కొట్టిపారేయడానికి ఆధారాల్లేవు. 1984లో యురేనియం హెక్సాఫ్లోరైడ్ మోసుకెళ్తున్న మాంట్ లూయీ అనే ఓడ బెల్జియం తీరానికి దగ్గర్లో మునిగిపోతే, ఆ సరుకున్న 30 సిలిండర్లనూ సముద్రం నుంచి పైకి తీయగలిగారు.

మరి హాని ఎక్కడ జరిగింది? 1987లో బ్రెజిల్‌లోని గొయానియాలో, ఖాళీ చేసి వదిలేసిన ఆసుపత్రి నుంచి సీజియం-137 ఉన్న చికిత్సా యంత్రపు భాగాన్ని పాత ఇనుము కోసం ఎత్తుకెళ్ళి విప్పారు. నలుగురు చనిపోయారు. 2010లో ఢిల్లీ మాయాపురిలోనూ దారి ఇదే. విశ్వవిద్యాలయం వేలం వేసిన పాత పరికరం తుక్కు కొట్టుకు చేరింది. అందులోని కోబాల్ట్-60 కడ్డీలను అదేమిటో తెలియని చేతులు విప్పాయి. ఒకరు చనిపోయారు, మరికొందరు తీవ్రంగా జబ్బుపడ్డారు. చర్మం నల్లబడిన రోగిని చూసి వైద్యులు అనుమానించేదాకా అసలు కారణం బయటపడలేదు. 2013లో మెక్సికోలో దొంగలు ఒక లారీని ఎత్తుకుపోయారు. అందులో ఆసుపత్రి నుంచి వ్యర్థాల కేంద్రానికి వెళ్తున్న కోబాల్ట్-60 ఉందని వాళ్ళకు తెలియదు. 2023 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియాలో ఇనుప ఖనిజం సాంద్రతను కొలిచే పరికరంలోని సీజియం-137 గుళిక, ఎనిమిది మిల్లీమీటర్ల పొడవున్నది, సుమారు 1,400 కిలోమీటర్ల ప్రయాణంలో లారీ నుంచి జారిపడింది. పోయిందని గుర్తించేసరికి రోజులు గడిచాయి. ఫిబ్రవరి 1న రోడ్డు పక్కన దొరికింది. వీటిలో ఏదీ లారీలు గుద్దుకుని పేలిన ప్రమాదం కాదు. ప్రతి చోటా సరుకుకూ దాని గురించిన ఎరుకకూ మధ్య బంధం తెగిపోయింది.

ఇలాంటిది మన తెలుగు నేల మీదా జరిగింది. 2019 జనవరిలో రాజమహేంద్రవరంలోని ఓఎన్‌జీసీ ఆవరణ నుంచి, చమురు బావుల పనిలో వాడే సీజియం-137 ఉన్న పెట్టె కనిపించకుండా పోయింది. పోలీసులు గాలించగా అప్పటి కృష్ణా జిల్లా కలిదిండిలో పాత ఇనుప సామాన్ల కొట్లో దొరికింది. ఆ పెట్టె వెళ్ళిన దారిని గమనించాలి. అది ఒక జిల్లా దాటి ఇంకో జిల్లాకు, ఎవరికీ అనుమానం రాకుండా, తుక్కు బేరాల వెంట సాగింది. ఆ బేరగాళ్ళు ఎవరూ రేడియేషన్ నిపుణులు కారు, కావాల్సిన పని కూడా లేదు. మూడు రెక్కల రేడియేషన్ గుర్తు ఉన్న బరువైన సీసపు పెట్టెను విప్పకూడదని తెలిస్తే చాలు. నేలకొండపల్లి చుట్టుపక్కల ఊళ్ళలో తిరిగే పాత సామాన్ల వాళ్ళకూ, వెల్డింగ్ షాపుల వాళ్ళకూ ఆ గుర్తు చూపించిన వాళ్ళు ఎంతమంది ఉంటారు? అత్యవసర స్పందన అనగానే సూట్లు వేసుకున్న బృందాలు, మీటర్లు గుర్తొస్తాయి గానీ, మొట్టమొదటి రక్షకుడు పెట్టెను తాకకుండా స్టేషన్‌కు కబురు చేసేవాడే.

చట్టం కూడా ఈ మాటే చెబుతోంది, మనం పట్టించుకోలేదు. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం ప్రమాదకర సరుకు మోసే బండి మీద సరుకు పేరు, దాన్ని గుర్తించే ఐక్యరాజ్యసమితి సంఖ్య, సంప్రదించాల్సిన ఫోన్ నంబర్లు ఉన్న పలక ఉండాలి. ప్రమాదం జరిగితే డ్రైవర్ వెంటనే దగ్గరలోని పోలీస్ స్టేషన్‌కు తెలియజేయాలి. అంటే ఈ దారి మీద ప్రమాదం జరిగితే బాధ్యత మొదట చేరేది నేలకొండపల్లి స్టేషన్ లాంటి చోటికే. హైదరాబాద్ నుంచి నిపుణులు రావడానికి మూడు నాలుగు గంటలు, విజయవాడ దగ్గరి జాతీయ విపత్తు స్పందన దళం రావడానికి రెండు గంటలు పట్టవచ్చు. ఆలోగా చేయాల్సిన పనులకు మీటరు అక్కర్లేదు. గాయపడిన వాళ్ళను ముందు బయటికి తీయాలి; రేడియేషన్ భయంతో ప్రాణం పోతున్న డ్రైవర్‌ను వదిలేయడం క్షమించరాని తప్పు. జనాన్ని గాలి వచ్చే వైపుకు, ముప్పై మీటర్లకు తగ్గకుండా దూరం జరపాలి. చిన్న సరుకు నుంచి దూరం రెండింతలైతే సోకే రేడియేషన్ నాలుగో వంతుకు తగ్గుతుంది గనక ఆ నాలుగు అడుగులూ నిజంగా కాపాడతాయి. చెదిరిన సరుకును తాకకూడదు, నీళ్ళు పోసి కడగకూడదు, అక్కడ తినకూడదు, బీడీ కాల్చకూడదు. దగ్గరికి వెళ్ళిన వాళ్ళ పేర్లు రాసిపెట్టుకుని, పరీక్ష అయ్యేదాకా ఇళ్ళకు పంపకుండా ఉంచాలి.

ఊళ్ళకు ఇవన్నీ నేర్పాలంటే మూడు అభ్యంతరాలు వినిపిస్తాయి. మొదటిది భద్రత: ఇలాంటి సరుకు గురించి ఊళ్ళలో చెబితే దుర్మార్గుల చెవిన పడుతుందంటారు. ఏ బండి ఎప్పుడు వెళ్తుందన్నది రహస్యంగానే ఉండాలి, అందులో వాదన లేదు. బండి బోల్తాపడితే ఏం చేయాలన్నది మాత్రం రహస్యం కాదు. దాన్ని దాచితే దొంగకు నష్టం లేదు, ఊరికే నష్టం. రెండోది భయం: తెలిస్తే జనం బెదిరిపోతారంటారు. నల్లమలలో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు లేచిన ఆందోళన, 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ చేసిన వ్యతిరేక తీర్మానం చూస్తే జనంలో భయం ఇప్పటికే ఎంత ఉందో అర్థమవుతుంది. ఆ ఆందోళన న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. చెప్పకపోతే భయం పోతుందన్న ఊహ మాత్రం నిలబడదు. ఏమీ తెలియని ఊళ్ళో ప్రమాదం జరిగితే సగం మంది చూడటానికి ఎగబడతారు, సగం మంది ఊరు వదిలి పరిగెడతారు, రెండూ ప్రమాదమే.

మూడో అభ్యంతరం అన్నింటికంటే బలమైనది. పెట్రోలు, క్లోరిన్, అమ్మోనియా ట్యాంకర్లు ఇంతకంటే తరచుగా తిరుగుతాయి, ఇంతకంటే త్వరగా ప్రాణం తీస్తాయి. అలాంటప్పుడు రేడియేషన్ మీద ఇంత పట్టు ఎందుకు? ఇది నిజమే. దీనికి సాక్ష్యం కూడా ఈ జిల్లా పక్కనే ఉంది. 1991లో పని మొదలుపెట్టిన మణుగూరు భారజల కర్మాగారం అణు కార్యక్రమంలో భాగం. కానీ అక్కడ తయారయ్యే కొత్త భారజలం ప్రమాదకరమైన రేడియోధార్మిక పదార్థం కాదు. అక్కడ నిజంగా భయపడాల్సింది తయారీలో వాడే హైడ్రోజన్ సల్ఫైడ్‌కు. కుళ్ళిన గుడ్డు వాసన వేసే ఆ వాయువు మోతాదు పెరిగితే వాసన తెలిసే శక్తినే చంపేసి, నిమిషాల్లో ప్రాణం తీస్తుంది. అందుకే చుట్టుపక్కల ఊళ్ళను కలుపుకుని ముందస్తు ప్రణాళిక వేసుకోవాలి. అయితే ఈ అభ్యంతరం నా వాదనను బలపరుస్తోందే తప్ప పడగొట్టడం లేదు. బండి మీది పలక చదవడం, గాలి వైపు చూసుకోవడం, జనాన్ని ఆపడం, సరైన నంబరుకు ఫోన్ చేయడం, ఇవన్నీ క్లోరిన్ ట్యాంకర్‌కూ ఇరీడియం పెట్టెకూ దాదాపు ఒకటే. అరుదైన ప్రమాదం కోసం నేర్చుకున్న క్రమశిక్షణ రోజువారీ ప్రమాదంలో ప్రాణాలు కాపాడుతుంది.

2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చింది, 2009లో జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ అణు, రేడియేషన్ ప్రమాదాలపై మార్గదర్శకాలు ఇచ్చింది. పై స్థాయి కాగితాలకు కొదవ లేదు. కొదవ ఉన్నది వాటిని ఈ దారి మీదికి దించడంలో. ప్రమాదకర సరుకుల గుర్తులు, చేయాల్సిన పనులు తెలుగులో రాసిన ఒక పట్టిక స్టేషన్ గోడ మీద, అగ్నిమాపక కేంద్రంలో, పంచాయతీ ఆఫీసులో ఉండాలి. బండి మీది పలక తెలుగులోనూ ఉండాలి. ఏడాదికోసారి జరిపే మాక్ డ్రిల్లు కర్మాగారం గేటు దగ్గర ఆగకుండా రోడ్డు కూడలికి రావాలి. అందులో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం సిబ్బంది, లారీ డ్రైవర్లు, పాత ఇనుము కొట్ల వాళ్ళు పాల్గొనాలి. ఇందులో ఖరీదైన పరికరం ఒక్కటీ లేదు. పెట్టెను గట్టిగా చేయడానికి ప్రపంచం అరవై ఏళ్ళు శ్రమించి చాలావరకు గెలిచింది. ప్రమాదం జరిగితే మొదట పరిగెత్తుకొచ్చే మనిషిని సిద్ధం చేసే పని మాత్రం మిగిలే ఉంది. చట్టం ఆ బాధ్యతను ఇప్పటికే అతని మీద పెట్టింది. దానికి కావాల్సిన జ్ఞానాన్ని కూడా అతనికి ఇవ్వడం ప్రభుత్వం తీర్చాల్సిన బాకీ.